బెలిండాని కరివేపాకు చేశారు: నైట్ డ్యూటీ దిగి చూసిన ‘డాక్టర్ హూ’

మొదటే చెప్పేస్తున్నాను, ఇందులో బీబీసీ సీరియల్ ‘డాక్టర్ హూ’ 2025 సీజన్ కథ మొత్తం ఉంది, చివరి ఎపిసోడ్ చివరి నిమిషంతో సహా. చూడాలనుకునేవాళ్ళు ముందు చూసి రండి. ఎనిమిదే ఎపిసోడ్లు, ఒక వీకెండ్ పని. తర్వాత నన్ను తిట్టుకుంటే నా బాధ్యత లేదు.

నేను వేల్స్‌లోని కార్డిఫ్‌లో నర్సుని. ఇక్కడికి వచ్చేదాకా డాక్టర్ హూ అంటే ఏంటో తెలీదు, పేరు విని హాస్పిటల్ సీరియల్ అనుకున్నాను. 2022 మొదట్లో వచ్చాను, వచ్చిన కొత్తలో పక్కింటి పెద్దాయన డస్ట్‌బిన్లు ఏ రోజు బయట పెట్టాలో చెబుతూ మధ్యలో ‘డాక్టర్ హూ చూస్తావా లవ్?’ అన్నాడు. (ఇక్కడ బస్సు డ్రైవర్ కూడా లవ్ అనే పిలుస్తాడు, మొదటి వారం కంగారు పడ్డాను, తర్వాత అలవాటైపోయింది.) చూడనన్నాను. 2005 నుంచి ఈ షో తీసేది ఈ ఊళ్ళోనే, ఇక్కడ ఉంటూ చూడకపోవడం ఏంటి అన్నట్టు నా వైపు చూశాడు. తిరుపతిలో ఉంటూ కొండ ఎక్కలేదని చెప్పినట్టు ఫీలయ్యాను. అలా మొదలైంది, ఇప్పుడు వదలడం లేదు.

ఇది లైసెన్స్ కట్టేవాళ్ళ రివ్యూ అనుకోండి. ఇక్కడ లైవ్ టీవీ చూడాలన్నా, బీబీసీ ఐప్లేయర్ (వాళ్ళ ఆన్‌లైన్ సర్వీసు) చూడాలన్నా టీవీ లైసెన్స్ ఉండాలి, 2025లో అది ఏడాదికి 174.50 పౌండ్లు. మేం ముగ్గురం నర్సులం, ఇంటికి ఒకే అగ్రిమెంట్ కాబట్టి ఒకటే లైసెన్స్, తలకి 58 పౌండ్ల చిల్లర పడింది. మిగతా ఇద్దరూ వంట పోటీలూ ఇళ్ళు అమ్మే ప్రోగ్రాములూ చూస్తారు. నా 58 పౌండ్లు మాత్రం అచ్చంగా దీనికోసమే కట్టాను, కాబట్టి లెక్క అడిగే హక్కు నాకుంది.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 1963 నవంబర్ 23న, అంటే అమెరికాలో కెనడీని చంపిన మర్నాడు, ఈ షో మొదలైంది. డాక్టర్ అనేవాడు మనిషి కాదు, టైమ్ లార్డ్ అనే వేరే జాతివాడు. పాతకాలం పోలీస్ బాక్స్ ఆకారంలో ఉండే ఒక నీలం పెట్టెలో (దాని పేరు టార్డిస్) కాలంలోనూ అంతరిక్షంలోనూ తిరుగుతుంటాడు, ఆ పెట్టె బయటికంటే లోపల పెద్దది. 1966లో మొదటి డాక్టర్ విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం పాడైతే షో ఆపెయ్యకుండా ఒక ఉపాయం కనిపెట్టారు: చావు దగ్గరపడితే డాక్టర్ ఆ శరీరం వదిలేసి కొత్త శరీరంలోకి మారతాడు. అవతారం చాలించడం, కొత్త అవతారం ఎత్తడం, మనకి చెప్పక్కర్లేని సంగతి. 1989లో షో ఆగిపోయింది, 2005లో రస్సెల్ టి డేవిస్ మళ్ళీ నిలబెట్టాడు, మధ్యలో వెళ్ళిపోయి 2023లో డిస్నీ డబ్బుతో తిరిగి వచ్చాడు. ఈ సీజన్‌ని కొందరు పదిహేనో సిరీస్ అంటారు, డిస్నీ వచ్చాక మొదలుపెట్టిన లెక్కలో రెండో సీజన్, 1963 నుంచి లెక్కేస్తే నలభై ఒకటి. ఈ నంబర్ దగ్గరే గంటసేపు కొట్టుకునే ఫ్యాన్స్ ఉన్నారు. నేను 2025 సీజన్ అంటాను, గొడవ ఉండదు.

ఏప్రిల్ 12న మొదలై ఎనిమిది శనివారాలు వచ్చింది. పొద్దున ఎనిమిదింటికి ఐప్లేయర్‌లో పెట్టేస్తారు, సాయంత్రం బీబీసీ వన్‌లో వేస్తారు. నాకిది దేవుడిచ్చిన టైమింగ్. శుక్రవారం నైట్ వేస్తే ఏడున్నరకి హ్యాండోవర్, ఇంటికొచ్చి స్నానం చేసి, ఫ్రిజ్‌లో పిండి ఉంటే రెండు దోసెలు వేసుకుని, కర్టెన్లు లాగి, తొమ్మిదింటికల్లా టీవీ ముందు. కళ్ళు మండుతుంటాయి, అయినా పడుకుంటే సాయంత్రంలోపు ఎవరో ఒకరు కథ చెప్పేస్తారనే భయం. ఇక్కడ పొద్దున ఎనిమిదంటే హైదరాబాద్‌లో మా తమ్ముడికి మధ్యాహ్నం పన్నెండున్నర, అన్నం తింటూ చూసేస్తాడు (ఎక్కడ చూస్తాడో నన్నడక్కండి), ‘అక్కా, అయ్యిందా? అయ్యిందా?’ అని మెసేజ్‌లు. పక్కింటాయనది ఇంకో పద్ధతి. ఏడేళ్ళ వయసునుంచీ శనివారం సాయంత్రమే చూశాడట, భయమేస్తే సోఫా వెనక దాక్కునేవాడట, ఇప్పుడూ సాయంత్రమే చూస్తాడు. దాంతో పగలంతా నేను ఆయనకి ఎదురుపడకుండా చెత్త కూడా దొంగతనంగా పారేయాలి, నా మొహం చూసి కనిపెట్టేస్తాడు.

ఇక సీజన్. బెలిండా చంద్ర లండన్‌లో నర్సు. వరదా సేతు వేసింది, కేరళలో పుట్టి ఇంగ్లండ్‌లో పెరిగిన అమ్మాయి. ప్రకటన వచ్చిన రోజే మా ఇంట్లో మలయాళీ ఫ్రెండ్ ‘మావాళ్ళ అమ్మాయి’ అని అందరికీ ఫోన్లు చేసుకుంది. దక్షిణాసియా మూలాలున్న అమ్మాయి డాక్టర్‌తో తిరగడం ఇదే మొదలు కాదు, 2018లో మన్దీప్ గిల్ వేసిన యాస్ ఉంది, దేశ విభజన మీద ఆ ఏడాదే ఒక ఎపిసోడ్ కూడా తీశారు, అది ఇప్పటికీ నా టాప్ ఐదులో ఉంది. కానీ బెలిండా నర్సు. అందుకే నేను మిగతావాళ్ళకంటే కొంచెం ఎక్కువ ఆశపడ్డాను, ఆ సంగతి దాచను.

మొదటి ఎపిసోడ్‌లో ఆవిడని రోబోలు ఎత్తుకుపోతాయి, ఎప్పుడో పాత బాయ్‌ఫ్రెండ్ ఒక నక్షత్రానికి ఆవిడ పేరు పెట్టించి సర్టిఫికెట్ ఇచ్చినందుకు. కథ సరదాగా ఉంది, గొప్పగా ఏం లేదు. కానీ చివర్లో ఒక సీన్ ఉంది. డాక్టర్ తనకి చెప్పకుండా డీఎన్ఏ టెస్ట్ చేస్తాడు, ఎంత సరదాగా ఉందో చూడు అన్నట్టు మురిసిపోతూ. బెలిండా నిలదీస్తుంది. అడక్కుండా ఎలా చేశావు అంటుంది, నీ సాహసాల్లో నేనొకదాన్ని కాను, నన్ను ఇంటికి తీసుకెళ్ళు అంటుంది. నేను సోఫాలో లేచి కూర్చున్నాను. మాకు ట్రైనింగ్‌లో మొదట నేర్పేది కన్సెంట్. ఒక చిన్న రక్తం శాంపిల్ తియ్యాలన్నా పేషెంట్‌ని అడిగి, విని, అప్పుడు సూది గుచ్చుతాం. అన్నేళ్ళుగా అందరూ డాక్టర్ వెంట నోరెళ్ళబెట్టి పరిగెత్తినవాళ్ళే, ఈవిడ మాత్రం చార్ట్ చూసే చూపుతో ఆయన్ని చూసింది. ఇంటికి వెళ్ళాలి, 2025 మే 24కి వెళ్ళాలి, ఆ తేదీకి టార్డిస్ దిగడం లేదు. ఇదీ సీజన్ మొత్తానికి తాడు.

రెండోది ‘లక్స్’. 1952, మయామీ, ఒక సినిమా హాలు, తెరలోంచి బయటికొచ్చే కార్టూన్ బొమ్మ. పాతకాలం కార్టూన్‌లాగే కదులుతుంది, నవ్వుతుంది, ఆ నవ్వు చూస్తే వెన్నులో చలి. అందులో డాక్టర్, బెలిండా తప్పించుకోబోయి ఒక టీవీలోంచి బయటికి వచ్చి పడతారు, ఎదురుగా సోఫాలో ముగ్గురు డాక్టర్ హూ ఫ్యాన్స్! ఇష్టమైన ఎపిసోడ్ ఏది అని ఆయన అడిగితే ముగ్గురూ ‘బ్లింక్’ అనే అంటారు, అది 2007లోది, అందులో డాక్టర్ కనిపించేదే కాసేపు. ఆయన మొహం చూడాలి. తర్వాత తేలేదేంటంటే నిజం కానిది వాళ్ళే, కల్పించిన మనుషులు, డాక్టర్ వెళ్ళిపోతే వాళ్ళు మాయమైపోతారు. ఆ సంగతి తెలిసే ఆయన్ని పంపిస్తారు. ఇది ఫ్యాన్స్‌ని వెక్కిరించడమా, ముద్దు చేయడమా అని తమ్ముడికీ నాకూ పెద్ద వాదన. వాడు వెక్కిరింపే అన్నాడు. నేను ఏడ్చాను, అదీ దోసె నోట్లో పెట్టుకుని, కాబట్టి నా జవాబు వాడికి తెలుసు.

మూడోది ‘ది వెల్’. దీని గురించి ఎంత రాసినా తనివి తీరదు. ఒక పాడుబడ్డ గని కాలనీ, సైనికులతో పాటు వీళ్ళిద్దరూ దిగుతారు. లోపల శవాలు. కొందరు ఒకరినొకరు కాల్చుకున్నారు, కొందరి ఎముకలు విరిగిపోయి ఉన్నాయి, అద్దాలన్నీ పగిలి ఉన్నాయి. హాలు మధ్యలో ఒక్కర్తే బతికిన ఆడమనిషి, ఆలిస్. రోజ్ ఐలింగ్ ఎల్లిస్ వేసింది, ఆవిడ నిజంగానే వినపడని నటి, పాత్ర కూడా అదే. ఆవిడ వీపు వెనక ఏదో ఉంది. ఎవరు చూడబోయినా కనపడదు, ఆవిడ తిరిగితే అదీ తిరుగుతుంది. గడియారంలా ఊహించుకోవాలి: ఆవిడ మధ్యలో, మనం చుట్టూ అంకెల మీద. మనం ఆవిడ వీపుకి సరిగ్గా వెనక, పన్నెండు మీదికి వచ్చామా, అంతే, ఎవరో కొట్టినట్టు గాల్లోకి లేచి గోడకి తగిలి చస్తాం.

ఇంతే. రాక్షసుడు లేడు, రబ్బరు తొడుగు లేదు. ఒక ఆడమనిషి ఊరికే కుర్చీలోంచి లేచి ఇటు తిరుగుతుంది, అటువైపున్న పదిమంది సైనికులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చక్రంలా జరుగుతారు. ఆవిడకి వినపడదు కాబట్టి తన వెనక గుసగుస ఉందో లేదో కూడా తెలీదు, మాట్లాడేవాళ్ళ మొహం కనిపించాలి, అంటే తిరగాలి, తిరిగితే ఎవరో చస్తారు. డాక్టర్ ఆవిడతో సైగల భాషలో మాట్లాడుతుంటాడు, బెలిండాకి రాదు. నాకూ రాదు. మా వార్డులో వినపడని పేషెంట్ ఒకావిడ పది రోజులుంది ఒకసారి, మందు పేరు కాగితం మీద రాసి చూపించి బొటనవేలు ఎత్తేదాన్ని, అదే నా భాష. ఆ ఎపిసోడ్ చూస్తుంటే ఆవిడ గుర్తొచ్చింది. బెలిండా మాత్రం నర్సు కాబట్టి ఆగలేదు, దెబ్బలేమైనా తగిలాయేమో చూస్తానని ఆలిస్ దగ్గరికి వెళుతుంది, వెళ్ళినప్పుడు ఆ భుజం వెనక ఏదో కదలడం ఆవిడకే మొదట కనబడుతుంది. ఆ క్షణం మా ఇంట్లో వాషింగ్ మెషీన్ స్పిన్ మొదలుపెట్టింది. నేను అరిచిన అరుపుకి పైన పడుకున్న ఫ్రెండ్ కిందికి పరిగెత్తుకొచ్చింది.

మధ్యలో తెలుస్తుంది, ఇది 2008లో వచ్చిన ‘మిడ్‌నైట్’ గ్రహమే, నాలుగు లక్షల ఏళ్ళ తర్వాత. అప్పుడు డాక్టర్ డేవిడ్ టెన్నంట్, ఒక బస్సులాంటి బండిలో జనం మధ్య చిక్కుకుని చావు అంచుదాకా వెళ్ళాడు, ఆ జీవి ఏంటో ఆ ఎపిసోడ్‌లోనూ చెప్పలేదు, ఇందులోనూ చెప్పలేదు. పాత కథని వాడుకోవడం అంటే ఇలా. అది తెలియకపోయినా ఈ ఎపిసోడ్ అర్థమవుతుంది, తెలిస్తే చేతులు చల్లబడతాయి. సాయంత్రం ఎపిసోడ్ చూసేసి పక్కింటాయన వచ్చి తలుపు కొట్టాడు, నేను తీయగానే ఏం మాట్లాడకుండా మెల్లగా వెనక్కి తిరిగి తన వీపు చూపించాడు. అరవై దాటిన మనిషి.

నాలుగోది ‘లక్కీ డే’, సరే, ఫర్వాలేదు. పాడ్‌కాస్ట్ పెట్టుకుని గ్రహాంతరవాసులంతా బూటకం అని జనాన్ని రెచ్చగొట్టే కాన్రాడ్ అనే కుర్రాడు. అలాంటివాళ్ళు మన ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లోనే దొరుకుతారు కాబట్టి కొత్తగా అనిపించలేదు.

ఐదోది మాత్రం కూర్చుని చూడాలి, ‘ది స్టోరీ అండ్ ది ఇంజిన్’. నైజీరియాలో లాగోస్, ఒక మంగలి షాపు. రాసింది ఇనువా ఎల్లమ్స్, ఆయన కవి, నైజీరియాలో పుట్టినవాడు. డాక్టర్ ఈ సీజన్‌లో నల్లజాతి మనిషి రూపంలో ఉన్నాడు కదా (షూటీ గాత్వా, రువాండాలో పుట్టి స్కాట్లండ్‌లో పెరిగాడు), అన్ని గ్రహాలూ తిరిగినా తనని తనలా చూసే చోటు ఆ షాపు ఒక్కటే అంటాడు, అందుకే అక్కడికి వెళుతుంటాడు. వెళితే షాపు తలుపు మూసుకుపోతుంది. కొత్త మంగలి ఒకడు అందరినీ బంధించి, ఒక్కొక్కరిని కుర్చీలో కూర్చోబెట్టి కథ చెప్పమంటాడు, కథ చెబుతుంటే అది కిటికీ మీద బొమ్మలుగా కదులుతుంది, ఆ కథల బలంతో షాపే ఒక పెద్ద సాలీడు వీపు మీద ప్రయాణం చేస్తుంటుంది. మా నాన్న కటింగ్‌కి వెళితే రెండు గంటలకి తిరిగొచ్చేవాడు, అమ్మ ‘జుట్టు కత్తిరించడానికా, నాటుకోవడానికా వెళ్ళింది’ అనేది. సెలూన్‌లో మాటలే కరెంటు అని ఎవరో ఒకరు సైన్స్ ఫిక్షన్ రాస్తారని నేననుకోలేదు.

అందులో డాక్టర్ వంతు వస్తే నక్షత్రాలు పేలిన కథ చెప్పడు. బెలిండా హాస్పిటల్లో ఒక మామూలు డ్యూటీ రోజు చెబుతాడు. అంతే, ఆ కథకి వచ్చినంత వెలుగు వేరేవాటికి రాదు. డ్యూటీ దిగొచ్చి, ఇంకా మెడలో ఐడీ కార్డు లాన్యార్డ్ కూడా తియ్యకుండా కూర్చుని ఇది చూడ్డం ఎలా ఉంటుందో మీకు ఎలా చెప్పను. ఇది చూశాక నేను ధైర్యంగా అనుకున్నాను, వీళ్ళకి బెలిండా విలువ తెలుసు, ఆఖర్న ఆవిడకి న్యాయం చేస్తారు అని.

తర్వాతిది పాటల పోటీ ఎపిసోడ్, యూరప్ దేశాల నిజం పాటల పోటీ యూరోవిజన్ ఫైనల్ జరిగిన మే 17నే వేశారు. రంగులు, పాటలు, మధ్యలో డాక్టర్ కోపంతో ఒకణ్ణి చిత్రహింస పెట్టడం, అది చూడలేకపోయాను, గాత్వా నటన మాత్రం అద్భుతం. ఇందులోనే డాక్టర్‌కి సూసన్ కనబడుతుంది. సూసన్ ఆయన మనవరాలు, 1963 మొదటి ఎపిసోడ్‌లో ఉన్న అమ్మాయి, అదే నటి కరోల్ ఆన్ ఫోర్డ్ అన్నేళ్ళ తర్వాత మళ్ళీ వచ్చింది. పక్కింటాయన ఆ రోజు ఫోన్ చేశాడు, మామూలుగా ఫోన్ చెయ్యడు, గొంతు సరిగ్గా లేదు. ‘చిన్నప్పటి మనిషి కనిపించింది’ అన్నాడు. చివర్లో ఇంకో బాంబు: రెండేళ్ళుగా పక్కింటి ముసలావిడలా తిరుగుతున్న మిసెస్ ఫ్లడ్ ఇద్దరుగా చీలిపోయి, రెండో మనిషి ఆర్చీ పంజాబీ, నేనే రాణి అంటుంది. రాణి 1985లో వచ్చిన పాత విలన్, అప్పుడు కేట్ ఒమారా వేసింది. తెల్లావిడకి రాణి అని పేరు పెట్టినవాళ్ళకి నలభై ఏళ్ళకి పేరుకి తగ్గ మనిషి దొరికింది. తమ్ముడు ఆ రోజంతా నన్ను ‘రాణీగారూ’ అని పిలిచాడు.

అక్కడికి ఆరు. ఆరింటిలో నాలుగు చక్కటివి. నేను ఆపేయాల్సింది అక్కడే.

ఏడో ఎపిసోడ్ మే 24న, కథలో ఏ తేదీకోసం పరిగెత్తారో సరిగ్గా అదే తేదీన వేశారు, ఆ ముచ్చట బాగుంది. కాన్రాడ్ కోరుకున్న ప్రపంచం. ఆడవాళ్ళంతా ఇంట్లో వంట, మగవాళ్ళు ఆఫీసు, డాక్టర్, బెలిండా మొగుడూ పెళ్ళాలు, పాపీ అని ఒక కూతురు. ఎవరికైనా ఇదంతా అబద్ధమేమో అని అనుమానం వస్తే చేతిలోని కప్పు టేబుల్‌లోంచి కిందికి జారి పగిలిపోతుంది. ఆ ఒక్క కప్పుతో ఎంత భయపెట్టారో. ఇది కూడా బాగానే ఉంది, మరి ముగింపు ఏం చేస్తారో అని వారం రోజులు ఎవరికి తోచింది వాళ్ళం కట్టుకున్నాం.

మే 31. ఆ ఒక్కటీ పొద్దున పెట్టలేదు, సాయంత్రం ఏడుకి కాస్త ముందు అందరికీ ఒకేసారి. నేను, మలయాళీ ఫ్రెండ్ కలిసి పక్కింటికి వెళ్ళాం. నేను పకోడీలు వేసుకెళ్ళాను, ఆయన కెచప్ సీసా తెచ్చాడు, దాని సంగతి వదిలేయండి. మొదటి అరగంట ముగ్గురం సీటు అంచున. తర్వాత రాణి. రెండేళ్ళ బిల్డప్. ఒమేగా అనే ఆదికాలపు టైమ్ లార్డ్‌ని లేపుతుంది, వాడు 1970ల్లో షోలో వచ్చినప్పుడు మనిషిలా మాట్లాడే పాత్ర, ఇప్పుడు కంప్యూటర్‌లో చేసిన పెద్ద అస్థిపంజరం. వాడు రాణిని చేత్తో పట్టుకుని నోట్లో వేసుకుంటాడు. అయిపోయింది. ఆర్చీ పంజాబీలాంటి నటిని తెచ్చి పకోడీలా నమిలేశారు. పక్కింటాయన నా వైపు తిరిగి ‘అంతేనా?’ అన్నాడు. అంతే. సూసన్ ఏమైంది? రాలేదు. ఎందుకు కనబడింది? చెప్పలేదు.

ఇదంతా భరించవచ్చు, విలన్లు వస్తారు పోతారు. బెలిండా? అసలు పోరాటం జరుగుతుంటే ఆవిడని పాపని ఎత్తుకుని ఒక పెట్టెలో నిలబెట్టారు, పాప మాయం కాకుండా కాపాడాలని. ఎనిమిది ఎపిసోడ్లు మోసిన మనిషి ఫైనల్‌లో పెట్టెలో. మా ఫ్రెండ్ మలయాళంలో ఏదో అంది, అర్థం అడగలేదు, అర్థమైంది. ఆ తర్వాత పాప కాలంలోంచి చెరిగిపోతుంది, ఆమెని వెనక్కి తేవడానికి డాక్టర్ తన ప్రాణశక్తి మొత్తం ధారపోస్తాడు. మంచిదే, ఒక్క పసిపిల్ల కోసం డాక్టర్ చచ్చిపోవడం కంటే ఆయనకి తగ్గ చావు లేదు. కానీ కాలం మారాక తేలేదేంటంటే బెలిండా మొదటినుంచీ తల్లేనట, పాపీ తన కూతురేనట, ఇన్నాళ్ళూ ఇంటికి ఇంటికి అని తపించింది పాపకోసమేనట. మనం చూసిన పాత సీన్లనే మళ్ళీ వేసి అందులో పాప మాట ఇరికించారు. డ్యూటీకి వెళ్ళాలి, నా జీవితం నాకు కావాలి అన్న నర్సు ఏమైంది? ఆవిడకి ఆ మార్పు గుర్తు కూడా లేదు. మొదటి ఎపిసోడ్‌లో డీఎన్ఏ టెస్ట్ అడక్కుండా చేశావేంటి అని నిలదీసిన మనిషి, ఆఖరి ఎపిసోడ్‌లో ఆవిడ జీవితాన్నే అడక్కుండా మార్చేస్తే నవ్వుతూ టీ ఇచ్చే స్థితికి తెచ్చారు. కూరలో కరివేపాకు. తల్లి కావడం తప్పని నేననడం లేదు, మా అమ్మా తల్లే. ఆవిడని అడగాలి కదా.

మధ్యలో జోడీ విట్టకర్ ఒక్క నిమిషం వచ్చిపోయింది. 2022లో నేను చూసిన మొదటి డాక్టర్ ఆవిడే, కాబట్టి నేను కేకలు పెట్టాను, ఆ నిమిషానికి సగం కోపం పోయింది, ఒప్పుకుంటాను. చివర్లో గాత్వా టార్డిస్ తలుపు తీసి బంగారు వెలుగులో అవతారం చాలిస్తాడు. రెండు సీజన్లే, పదహారు ఎపిసోడ్లు, రెండు క్రిస్మస్ స్పెషల్స్. వెలుగు తగ్గాక కొత్త మొహం: బిల్లీ పైపర్. 2005లో డాక్టర్ వెంట తిరిగిన రోజ్ టైలర్ పాత్ర వేసినావిడ! గదిలో ఎవరం మాట్లాడలేదు. టైటిల్స్‌లో ఆవిడని పరిచయం చేస్తున్నాం అన్నారే తప్ప డాక్టర్‌గా అని వెయ్యలేదు, దాని మీద ఆ రాత్రి రెండింటిదాకా తమ్ముడు ఫోన్. పక్కింటాయన మాత్రం లేచి కెటిల్ ఆన్ చేశాడు. ఇక్కడ పెద్దవాళ్ళు బాధొస్తే చేసే పని అదే.

నాకు అర్థమైనంతవరకు గొడవ ఎక్కడుందంటే, ఈ షోని ఇప్పుడు రాసేది ఫ్యాన్సే. 1986లో బీబీసీ టీవీలోనే ఒక చర్చ కార్యక్రమంలో కొందరు కుర్ర ఫ్యాన్స్ కూర్చుని ఆ ఏడాది కథలు బాలేవని రచయితలనే కడిగేశారు. వాళ్ళలో ఒకడు క్రిస్ చిబ్నల్. 2018 నుంచి 2022 దాకా షో నడిపింది ఆయనే, ఆయన్ని తిట్టిన ఫ్యాన్స్‌కి లెక్కలేదు. పీటర్ కపాల్డీ కుర్రాడిగా పత్రికకి డాక్టర్ హూ గురించి ఉత్తరం రాశాడు, తర్వాత తనే డాక్టర్ అయ్యాడు. 1960, 70ల్లో బీబీసీ టేపులు చెరిపేసి చాలా ఎపిసోడ్లు పోగొట్టింది, కానీ టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టి సౌండ్ పట్టుకున్న కుర్రాళ్ళ పుణ్యమా అని పోయిన ప్రతి ఎపిసోడ్ మాటలూ ఇవాళ వినొచ్చు. అంత ప్రేమ ఉన్నవాళ్ళ చేతికి కలం వస్తే రాణి, ఒమేగా, సూసన్ అందరినీ పిలవాలనే అనిపిస్తుంది. పెళ్ళికి ఊరంతటినీ పిలిచి విస్తళ్ళు లెక్కచూసుకోలేదు, అదీ ఫైనల్. ‘ది వెల్’లో పిలిచింది ఒక్కరినే, కడుపు నిండా పెట్టారు.

కార్డిఫ్ బే వైపు వస్తే మెర్‌మెయిడ్ కీ దగ్గర నీటి పక్కన ఒక గోడ ఉంటుంది, చూడండి. టార్చ్‌వుడ్ అని దీనికి అనుబంధంగా వచ్చిన సీరియల్‌లో ఇయాంటో అనే పాత్రని 2009లో చంపేశారు. ఆ గోడకి ఇప్పటికీ ఉత్తరాలు, పూలు, ఫోటోలు కడుతూనే ఉన్నారు, లేని మనిషి కోసం. వానకి ఇంకు కారిపోయి, ప్లాస్టిక్ కవర్లలో పెట్టి మరీ. జూన్‌లో ఒకరోజు వెళ్ళి నేనూ చిన్న చీటీ కట్టొచ్చాను, బెలిండా చంద్ర, స్టాఫ్ నర్స్ అని. పక్కనున్న టూరిస్ట్ ఇది వేరే షో కదా అన్నాడు. తెలుసన్నాను.

సర్వీసు సంగతి: ఐప్లేయర్‌లో పాతవీ కొత్తవీ కలిపి ఎనిమిది వందలకి పైగా ఎపిసోడ్లు ఉన్నాయి, కానీ హక్కుల తగాదాతో మొట్టమొదటి కథే లేదు, పునాది లేని మేడ. సబ్‌టైటిల్స్ శుభ్రంగా ఉంటాయి, స్కాటిష్ యాసకి అవి లేకపోతే నా పని అయిపోయేది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఈ సీజన్‌తో మొదలుపెట్టకండి. ‘బ్లింక్’ చూడండి, తర్వాత ‘మిడ్‌నైట్’, ఆ వెంటనే ‘ది వెల్’, ఆ మూడూ నచ్చితే 2005కి వెళ్ళండి. పిల్లలతో చూసేవాళ్ళు ‘ది వెల్’ పగలు చూడండి.

నా 58 పౌండ్లలో నలభై గిట్టాయి. మిగతా పద్దెనిమిది ఫైనల్ మింగేసింది, రాణితో పాటు.

2025 అక్టోబర్‌లో డిస్నీ తప్పుకుందని చెప్పారు, 2026 క్రిస్మస్‌కి మాత్రం డేవిస్ రాసిన స్పెషల్ ఉంటుందన్నారు. క్రిస్మస్ రోజు లీవు మా వార్డులో లాటరీ, పిల్లలున్నవాళ్ళకే ముందు. అందుకే క్రిస్మస్ ముందురోజు నైట్ నేనే అడిగి వేయించుకుందామనుకుంటున్నాను, పొద్దున దిగి, పడుకుని లేచి, సాయంత్రానికి పక్కింట్లో ఉంటాను. ఆయన ఈసారి కెచప్ వద్దు, ఆ పచ్చటి చట్నీ తెమ్మన్నాడు.